ఉద్యోగం మానేసి వైల్డ్‌లైఫ్ సినిమాల్లోకి వెళ్లనా?

ఈసారి ఉత్తరం కాస్త పెద్దది. రాసినవారు తన పేరు బయటపెట్టవద్దన్నారు. వయసు 31. ఎనిమిదేళ్లుగా బ్యాంకులో ఆఫీసరు. ఆరేళ్లుగా సెలవు దొరికితే చాలు, కెమెరా భుజాన వేసుకుని పక్షుల వెంట తిరుగుతున్నారు. రెండు ఫోటోలు పోటీల్లో తుది జాబితా దాకా వెళ్లాయి. సోషల్ మీడియాలో వేలమంది ఫాలోవర్లున్నారు. రెండేళ్లుగా వీడియో కూడా తీస్తున్నారు. మూడు హార్డ్ డిస్కులు నిండిపోయాయి కానీ, వాటిలోంచి నలభై సెకన్ల రీల్స్ తప్ప ఏదీ బయటికి రాలేదు.

ఇప్పుడు ఒక అవకాశం వచ్చింది. పేరున్న ఒక దర్శకుడు తన కొత్త సిరీస్‌కి అసిస్టెంటుగా పది నెలలు రమ్మన్నారు. తిండి, బస వాళ్లే చూసుకుంటారు, జీతం మాత్రం లేదు. టైటిల్స్‌లో పేరు వేస్తారా అని అడిగితే "అది తర్వాత చూద్దాంలే" అన్నారట. భార్య కూడా ఉద్యోగస్థురాలే. "రెండేళ్లు ఇల్లు నేను లాక్కొస్తాను. ఆ తర్వాత ఏంటో మాత్రం నాకు చెప్పు" అంటున్నారామె. తండ్రిగారు ఈ మాటెత్తితే చాలు, లేచి బయటికి వెళ్లిపోతున్నారు. వీటికి తోడు దూరపు పక్షుల్ని దగ్గరగా చూపించే 600 ఎంఎం లెన్స్ కోసం లోన్ తీసుకోవాలా వద్దా అన్న టెన్షన్ ఒకటి.

ఉత్తరం ఆఖర్న ఇంకో సంగతి ఉంది. పోయిన నెల ఆ దర్శకుడి టీమ్‌తో కొద్దిరోజులు ట్రయల్‌గా పనిచేశారు. ఒక పొదలో పిగిలిపిట్ట గూడు, అందులో ఇంకా కళ్లు తెరవని పిల్లలు. ఫ్రేమ్‌కి అడ్డొస్తున్నాయని టీమ్‌లో ఒకరు కత్తెర తీసుకుని ఆకులు, రెండు రెమ్మలు కత్తిరించేశారు. తల్లీతండ్రీ చాలాసేపు గూటికి రాలేదు. పక్క చెట్టు మీద అరుస్తూ ఉండిపోయాయి. "షాట్ అద్భుతంగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనేమీ అనలేదు. అప్పట్నుంచీ సరిగ్గా నిద్ర పట్టడం లేదు. మాట్లాడితే ఈ అవకాశం పోతుందేమోనని భయం. ఉద్యోగం మానేయనా? లెన్స్ కొననా? దీనికోసం ఎక్కడైనా చదువుకోవాలా? ఆ రోజు నోరు మెదపకపోవడం తప్పా?" అని అడుగుతున్నారు.

జవాబు:

ఉద్యోగం గురించి రెండు పేజీలు రాశారు, గూడు గురించి నాలుగైదు వాక్యాలు. నేను గూడు దగ్గరే మొదలుపెడతాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కదా.

కళ్లు తెరవని పిల్లలకు ఒంటి మీద ఈకలుండవు. ఒంట్లోని వేడిని అవి సొంతంగా అదుపు చేసుకోలేవు. ఎండ నేరుగా పడితే తాళలేవు, చల్లగాలి తగిలినా తాళలేవు. తల్లి పైన కూర్చోవాలి, లేదా పైనున్న ఆకులు కాయాలి. పిగిలిపిట్ట ఎన్నో కొమ్మలు చూసుకుని పొద లోపలికంటా గూడు కట్టేది అందుకే. నీడా ఆ ఆకులే, చాటూ ఆ ఆకులే. వాటిని కత్తిరించాక మీరు ట్రైపాడ్ మడిచి వెళ్లిపోయారు. ఆ సందు మాత్రం అలాగే ఉండిపోయింది. పిల్లలు ఎగిరిపోయేదాకా ప్రతి మధ్యాహ్నం ఎండ అందులోంచి దిగుతుంది, ఆ దారిన పోయే ప్రతి కాకికీ గూడు కనబడుతుంది. పక్క చెట్టు మీద అరుస్తున్న తల్లి ఆ కాసేపూ పిల్లలకు మేతా తేలేదు, నీడా పట్టలేదు.

మీరు అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. కత్తిరించడం తప్పు. చూసి ఊరుకోవడం అంతకన్నా చిన్నదే అయినా, అదీ తప్పే. కొత్త టీమ్‌లో, పెద్దాయన ముందు, నలుగురూ చప్పట్లు కొడుతున్న చోట నోరు పెగలకపోవడం నాకు అర్థమవుతుంది. కానీ ఇదే పరిస్థితి మీకు ఈ వృత్తిలో మళ్లీ మళ్లీ వస్తుంది. వెలుతురు పోతుంటుంది, రోజువారీ ఖర్చు పెరుగుతుంటుంది, ఎడిటర్ క్లోజప్ అడుగుతుంటాడు, గూడు ముందు ఒక్క ఆకు అడ్డం ఉంటుంది. ఆ ఒత్తిడి లేని షూటింగు ఉండదు. కాబట్టి కెమెరాను జరపాలే గాని కొమ్మను కాదన్న నియమాన్ని ముందే మనసులో ఖాయం చేసుకుని ఉండాలి. అక్కడికక్కడ ఆలోచించి తేల్చుకునే తీరిక ఎవరికీ ఉండదు.

జంతువు కదలకుండా కూర్చుంది కాబట్టి దానికేమీ ఇబ్బంది లేదనుకోవడం మన రంగంలో చాలా మామూలు. 2015లో అచ్చయిన ఒక అధ్యయనం ఈ నమ్మకాన్ని గట్టిగా దెబ్బకొట్టింది. అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్లకు గుండె వేగం నమోదు చేసే పరికరాలు అమర్చి, వాటి మీదుగా డ్రోన్లు ఎగరేశారు. చాలాసార్లు ఎలుగుబంట్లు ఉన్నచోటి నుంచి కదల్లేదు, పారిపోలేదు. కానీ గుండె మాత్రం పరుగెత్తింది. ఒక ఎలుగుకైతే నిమిషానికి 123 సార్లు అదనంగా కొట్టుకుంది. వ్యూఫైండర్‌లో చూస్తే ప్రశాంతంగా ఉన్న ఎలుగుబంటే కనిపించి ఉంటుంది.

మోసం విషయంలోనూ ఈ రంగానికి పాత మచ్చలున్నాయి. 1958లో వచ్చిన ఒక ప్రఖ్యాత అమెరికన్ చిత్రంలో లెమ్మింగ్‌లనే చిన్న ఎలుకజాతి ప్రాణులు గుంపులుగా కొండ అంచు నుంచి దూకేస్తాయి. వాటిని వేరే చోటి నుంచి తెప్పించి, నీళ్లలోకి మనుషులే తోశారని తర్వాత ఒక టీవీ పరిశోధనలో బయటపడింది. లెమ్మింగ్‌లు ఆత్మహత్య చేసుకుంటాయని ఇవాళ్టికీ నమ్మేవాళ్లున్నారంటే ఆ చిత్రం పాత్ర తక్కువది కాదు. 2009లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల పోటీలో ఒక తోడేలు ఫోటోకి మొదటి బహుమతి వచ్చింది. రాత్రిపూట తోడేలు గేటు దూకుతున్న ఫోటో అది. అది మనుషులకు అలవాటు పడిన తోడేలై ఉండే అవకాశమే ఎక్కువని నిర్వాహకులు తేల్చి, కొద్ది నెలల్లోనే బహుమతి రద్దు చేశారు. ఆ ఫోటోగ్రాఫర్ కాదన్నారు, కానీ బహుమతి తిరిగి రాలేదు. ఇవాళ పెద్ద పోటీలన్నీ రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరాలో పడిన అసలు ఫైళ్లు, అడుగుతున్నాయి, ఎలా తీశారో రాసిమ్మంటున్నాయి. కత్తిరించిన కొమ్మ చివర తెల్లగా కనిపిస్తుంది. పక్షుల గురించి తెలిసినవాడు ఆ షాట్‌ను ఒకసారి ఆపి చూస్తే చాలు.

కాబట్టి ఆ దర్శకుడితో మాట్లాడండి. టీమ్ అందరి ముందూ వద్దు, ఫోన్ మెసేజ్‌లోనూ వద్దు. విడిగా కలిసి, నిలదీసినట్టు కాకుండా అడగండి. "సార్, ఆ రోజు గూడు దగ్గర ఆకులు తీసేశాం కదా, ఆ తర్వాత పిల్లలు ఏమయ్యాయో ఎవరైనా చూశారా? ఇకముందు గూళ్ల దగ్గర మనం ఏం పాటిద్దాం?" ఇంతే. ఆయన ఇచ్చే జవాబును బట్టి పది నెలలు ఆయన దగ్గర ఉండాలో లేదో మీకే తెలుస్తుంది. "నిజమే, ఆ రోజు నేను చూసుకోవలసింది" అంటే నేర్చుకోదగ్గ మనిషి. "ఇవన్నీ పట్టించుకుంటే సినిమా తీయలేం" అంటే, ఆయన దగ్గర మీరు నేర్చుకోబోయేది కూడా అదే. ఒకవేళ ఆయన మొహం చిట్లించి అవకాశం వెనక్కి తీసుకుంటే నష్టమే, కాదనను. కానీ ఈ రంగం చిన్నది. ఫలానావాడు గూళ్ల దగ్గర జాగ్రత్తగా ఉంటాడన్న పేరూ ఇందులో పాకుతుంది, ఫలానా టీమ్ ఎంతకైనా తెగిస్తుందన్న పేరూ పాకుతుంది. మీకు రేపు దారి చూపించాల్సిన శాస్త్రవేత్తలు, అటవీ సిబ్బంది ఆ పేరు చూసే మాట్లాడతారు.

ఇక వృత్తి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ మూడు హార్డ్ డిస్కుల మాట. ఉద్యోగం వదలాలా వద్దా అన్నది అసలు చిక్కు అని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. రెండేళ్లుగా తీస్తున్నారు, ఇప్పటిదాకా ఒక్కటీ పూర్తి చేయలేదు. అక్కడుంది చిక్కు. మీకు పని ఇవ్వగలవాళ్లు ఫాలోవర్లను చూడరు, లెన్స్‌నూ చూడరు. మొదలు, నడుమ, ముగింపు ఉన్న ఒక చిన్న సినిమా ఉందా అని చూస్తారు. నాలుగు నిమిషాలదైనా సరే. ఫోటోలో ఒక్క క్షణం దొరికితే సరిపోతుంది. సినిమాకు ఆ క్షణం ముందు ఏమైంది, తర్వాత ఏమైంది అన్నది కావాలి. ఆరేళ్ల ఫోటోగ్రఫీ మీ కంటికి మంచి శిక్షణ ఇచ్చింది. అదే సమయంలో మంచి క్షణం దొరకగానే రికార్డింగ్ ఆపేసే అలవాటు కూడా చేసింది. మీ ఫుటేజ్ తెరిచి చూడండి, పక్షి ఎగరగానే కట్ చేసిన క్లిప్పులే ఎక్కువ ఉంటాయని నా అనుమానం. ఎగిరి ఎక్కడికి వెళ్లింది, ఖాళీ కొమ్మ ఎంతసేపు ఊగింది, తిరిగి ఏం తెచ్చింది అన్నవి లేకపోతే ఎడిటర్ చేతులు కట్టేసినట్టే.

ఒక ఉదాహరణ చెబుతాను. మట్టితో చిన్న కుండలాంటి గూడు కట్టే కందిరీగ ఉంటుంది. దాన్ని కిటికీ చట్రం మీదో, గోడ మూలలోనో చూసే ఉంటారు. ఆడ కందిరీగ తడిమట్టిని ఉండలా చేసి నోట కరుచుకుని వస్తుంది. దాన్ని పట్టీలా సాగదీసి వరస మీద వరస పేరుస్తుంది. సన్నటి మెడ దగ్గరికి వచ్చాక ఆగి, లోపలి కప్పు నుంచి దారంలాంటి పోగుతో ఒక్క గుడ్డు వేలాడదీస్తుంది. తర్వాత గొంగళిపురుగుల్ని కుట్టి, చంపకుండా, కదలలేకుండా చేసి ఒక్కొక్కటే మోసుకొచ్చి లోపలికి కుక్కుతుంది. మూతి మట్టితో మూసేసి వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు గోడకు కన్నం చేసుకుని కొత్త కందిరీగ బయటికొస్తుంది. ఇందులో కట్టడం ఉంది, వేట ఉంది, తల్లి వెళ్లిపోవడం ఉంది, చివరికి ఏమవుతుందోనన్న ఉత్కంఠ ఉంది. ఏ అభయారణ్యం అనుమతీ అక్కర్లేదు. ఆరువందల ఎంఎం లెన్స్ ఇక్కడ దండగ, చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా చూపించే ఒక మాక్రో లెన్స్ చాలు.

దీన్ని తీయడానికి కూర్చుంటే పని స్వరూపం అర్థమవుతుంది. గోడ మొత్తం కనిపించే వైడ్ షాట్ కావాలి, లేకపోతే ఆ ప్రాణి ఎంత చిన్నదో ప్రేక్షకుడికి తెలియదు. మట్టి తీసుకునే చోటు వెతకాలి, అది ఏ కుళాయి కిందో ఉంటుంది. కాళ్లు, దవడలు, మట్టి తడి విడిగా తీయాలి. సెకనుకు 120 ఫ్రేములతో తీసి 24 ఫ్రేములతో చూపిస్తే కదలిక అయిదు రెట్లు నెమ్మదిస్తుంది, అప్పుడు గాని అది వాలే తీరు కంటికి ఆనదు. సూర్యుడు జరిగితే నీడ జరుగుతుంది కాబట్టి నిన్నటి షాట్, ఇవాళ్టి షాట్ కలవాలంటే రోజూ అదే సమయానికి అక్కడ ఉండాలి. అది గొంగళిపురుగును పట్టే చోటు మీకు దొరక్కపోవచ్చు. అప్పుడు దొరికినట్టు నటించకుండా కథ ఎలా చెప్పాలో మీరే తేల్చుకోవాలి. ఆ ఒక్క సమస్యతో కుస్తీ పడితే వచ్చే చదువు పది నెలలు ఇంకొకరి ట్రైపాడ్ మోస్తే రాకపోవచ్చు.

శబ్దం మరచిపోకండి. దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీసినప్పుడు కెమెరా మైక్‌లో పడేది మీ పక్కవాళ్ల దగ్గు, గాలి హోరు. టీవీలో మనం వినే పులి అడుగుల చప్పుడు, రెక్కల చప్పుడు చాలావరకు తర్వాత స్టూడియోలో కలిపినవే. వైల్డ్‌లైఫ్ సినిమాల్లో చాలాకాలంగా ఇదే పద్ధతి. కానీ చుట్టుపక్కల వినిపించే అసలు శబ్దాన్ని విడిగా రికార్డు చేసి తెచ్చే కుర్రవాళ్లు తక్కువ, అలాంటివాళ్లను ఎడిటర్లు గుర్తుపెట్టుకుంటారు.

దగ్గర్లో దొరికే చిన్న ప్రాణి మీద ఎవరు సినిమా చూస్తారన్న సందేహం మీకు రావచ్చు. 2021లో ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ అందుకున్న చిత్రం ఒక మనిషి దక్షిణాఫ్రికాలో తన ఇంటి దగ్గరి సముద్రంలోకి రోజూ దిగి, ఒక్క ఆక్టోపస్‌ను దాదాపు ఏడాదిపాటు చూస్తూ వచ్చిన కథ. డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీలోనూ అంతే. వన్యప్రాణి ఫోటోగ్రాఫర్ స్టీవ్ వింటర్ తీసిన ఒక ఫోటో 2013లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చింది. రాత్రివేళ హాలీవుడ్ అన్న పెద్ద అక్షరాల కింద నడిచిపోతున్న ప్యూమా, అంటే పిల్లి జాతికి చెందిన పెద్ద అడవి జంతువు. పీ-22 అని పరిశోధకులు రేడియో కాలర్ తగిలించిన జంతువది. రెండు పెద్ద హైవేలు దాటి లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున ఒక పార్కులో చిక్కుపడిపోయింది. జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫోటో తీసే కెమెరా ట్రాప్ పెట్టి వింటర్ ఏడాదికి పైగా ఎదురుచూశారు. ఆ ఒక్క ఫోటోతో పీ-22 ఊరందరికీ తెలిసిన జంతువైపోయింది. హైవే మీదుగా వన్యప్రాణుల కోసం వంతెన కావాలన్న ఉద్యమానికి అది ముఖచిత్రమైంది. 2022లో ఆ వంతెన పని మొదలైంది. ఇందులో మీరు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ప్యూమా ఎక్కడ తిరుగుతోందో ముందు తెలిసింది పరిశోధకులకు. మన రంగంలో మంచి కథలు ఎక్కువగా వాళ్ల దగ్గరే ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకే కప్ప మీదో, ఒకే గబ్బిలం మీదో పనిచేసేవాళ్లకు ఫోటోలు తీసేవాడు సాధారణంగా ఉండడు. వారాంతాల్లో వెళ్లి వాళ్ల పనిని తీసిపెట్టండి. ఏ జంతువు ఏ నెలలో ఏం చేస్తుందో మీకు తెలుస్తుంది, వాళ్ల పేరు మీద అనుమతులు అడగడమూ తేలికవుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, ఆ పది నెలల పని. గూడు సంగతి మాట్లాడాక కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లండి, నేను వద్దనను. పెద్ద షూటింగు లోపలి నుంచి ఎలా నడుస్తుందో చూడటం నిజంగా విలువైనదే. కానీ జీతం ఇవ్వనివాళ్లు వేరే రూపంలో ఏం ఇస్తున్నారో కాగితం మీద ఉండాలి. టైటిల్స్‌లో మీ పేరు ఏ హోదాతో వేస్తారు? ప్రయాణ ఖర్చు ఎవరిది? ప్రమాద బీమా ఉందా? ఇది మాత్రం అస్సలు వదలకండి, పని జరిగేది ఆసుపత్రికి దూరంగా. సిరీస్ ప్రసారమయ్యాక మీరు తీసిన షాట్లలో కొన్నిటిని మీ షోరీల్‌లో, అంటే మీ పనిని చూపించే చిన్న వీడియోలో, వాడుకోవచ్చా? సొంత కెమెరాతో సొంత సమయంలో తీసింది ఎవరిది? మధ్యలో మానేయాల్సివస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? వారంలో ఎన్ని రోజులు కెమెరా దగ్గర, ఎన్ని రోజులు సామాను దగ్గర? "తర్వాత చూద్దాంలే" అన్నమాట మీద పది నెలల జీవితం పెట్టవద్దు. మీరు బ్యాంకులో పనిచేస్తున్నారు. సంతకం లేని మాట మీద ఎవరికైనా అప్పు ఇచ్చారా? పూర్తిగా ఉచితంగా కాకుండా కనీసం ఖర్చులకు సరిపడా నెలసరి భత్యం అడగండి. అడిగినందుకు కోప్పడే మనిషి రేపు మీ చేతికి కెమెరా ఇస్తాడని నమ్మకం లేదు.

ఈ దారిలో వెళ్లేటట్లయితే రాజీనామా చేసేముందు బ్యాంకులో దీర్ఘకాలం జీతం లేని సెలవు దొరుకుతుందేమో కనుక్కోండి. దొరికితే మీ సమస్య సగం తీరినట్టే. దొరక్కపోతే, పది నెలల తర్వాత మీ చేతిలో ఉద్యోగం ఉండదు, పేరు టైటిల్స్‌లో ఉండవచ్చు, మీ సొంత సినిమా మాత్రం అప్పటికీ ఉండదు. ఈ లెక్క వేసుకునే బయలుదేరండి.

రెండోది, ఉద్యోగంలో ఉంటూనే ఒక ఏడాది ఒకే కథ మీద పనిచేయడం. నా మొగ్గు ఇటువైపే అని దాచను. మీరు తిరిగే చోట్లలో ఒక్కదాన్ని ఎంచుకోండి. మిగతావాటికి వెళ్లడం మానేయండి. ఇది చెప్పినంత తేలిక కాదు, కొత్త పక్షి కనపడిందని మిత్రులు ఫోన్ చేసినప్పుడల్లా మనసు లాగుతుంది. ఏడాది చివర ఆరు నుంచి పది నిమిషాల సినిమా పూర్తిచేసి ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపండి. ఎడిటింగ్ మొదటిసారి మీరే చేయండి, అప్పుడే ఏ షాట్ తీయలేదో తెలిసి వస్తుంది. ఇందులో ఇబ్బంది కూడా ఉంది. జంతువులు మీ సెలవుల క్యాలెండర్ చూసుకుని ప్రవర్తించవు. గుడ్డు పగిలే రోజు మంగళవారం కావచ్చు, మీరు బ్యాంకులో ఉంటారు. అందుకే తెల్లవారుజామున, సాయంత్రం అందుబాటులో ఉండే ప్రాణిని ఎంచుకోమంటున్నాను. అలసట, ఇంట్లో వాళ్లతో గడిపే సమయం తగ్గడం కూడా లెక్కలో ఉంచుకోండి.

మూడోది మీరు ఊహించి ఉండరు. వైల్డ్‌లైఫ్ సినిమా అంటే కెమెరామన్ ఒక్కడే కాదు. షూటింగుకి ముందు నెలల తరబడి శాస్త్రవేత్తలతో మాట్లాడి ఏ జంతువు ఎప్పుడు ఎక్కడ ఏం చేస్తుందో తేల్చే రీసెర్చర్ ఉంటారు. అనుమతులు, బడ్జెట్, ప్రయాణాలు, బీమా చూసే ప్రొడక్షన్ మేనేజర్ ఉంటారు. ఎడిటర్, సౌండ్ రికార్డిస్ట్, రోజూ ఫుటేజ్‌ను భద్రంగా కాపీలు తీసి పెట్టేవాళ్లు ఉంటారు. కెమెరా పట్టుకోవాలనుకునేవాళ్లు వందలమంది. లెక్కలు తప్పకుండా ఒక షూటింగును నడిపించగలవాళ్లు అరుదు. ఎనిమిదేళ్ల బ్యాంకు అనుభవం ఉన్న మనిషి, అందులోనూ పక్షుల గురించి తెలిసిన మనిషి, ఆ కుర్చీలోంచి లోపలికి వస్తే జీతంతోనే రావచ్చు. ప్రొడ్యూసర్లుగా ఎదిగినవాళ్లలో ఈ దారిన వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆ కుర్చీలో స్థిరపడిపోయి కెమెరా ముట్టుకోవడం తగ్గిపోయే ప్రమాదం ఉంది. మీకు కావలసింది కథ చెప్పడమా, కెమెరా వెనక నిలబడటమా అన్నది ఇక్కడ తేలుతుంది.

చదువు గురించి మీరు ఒక్క వాక్యంలో అడిగారు, నేనూ క్లుప్తంగానే చెబుతాను. ఈ రంగానికి కేంద్రం లాంటి ఊరు ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్. బీబీసీలో ప్రకృతి చిత్రాలు తీసే నేచురల్ హిస్టరీ యూనిట్ 1957లో అక్కడే మొదలైంది, వైల్డ్‌స్క్రీన్ అనే వన్యప్రాణి సినిమాల ఉత్సవం 1982లో అక్కడే పుట్టింది. ఆ ఊళ్లోని యూనివర్సిటీ ఆఫ్ ద వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్‌లో వైల్డ్‌లైఫ్ ఫిల్మ్‌మేకింగ్‌లో మాస్టర్స్ ఉంది. అమెరికాలో మోంటానా స్టేట్ యూనివర్సిటీలో సైన్స్, నేచురల్ హిస్టరీ ఫిల్మ్‌మేకింగ్ కోర్సు ఉంది. ఇలాంటి చోట్ల పాఠాలకన్నా పరిచయాల విలువ ఎక్కువ. ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి స్కాలర్‌షిప్ లేకుండా, చేతిలో ఒక పూర్తయిన సినిమా లేకుండా అటు చూడవద్దని నా సలహా.

లెన్స్ కోసం లోన్ తీసుకోవద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఉద్యోగం వదిలే ఏడాదే ఈఎంఐ మొదలైతే, ఆ ఈఎంఐ కట్టడానికి ఇష్టంలేని పనులన్నీ ఒప్పుకోవాల్సివస్తుంది. మీ కథకు నిజంగా పెద్ద లెన్స్ కావాల్సివస్తే ఆ వారానికి అద్దెకు తెచ్చుకోండి. డబ్బు పెట్టాలనుంటే వీడియోకి పనికొచ్చే కెమెరాను కుదుపు లేకుండా తిప్పగలిగే మంచి ఫ్లూయిడ్ హెడ్ ట్రైపాడ్, ఒక మంచి మైక్, ఫుటేజ్ రెండో కాపీ దాచడానికి డిస్కులు కొనండి. మీ మూడు డిస్కుల్లో ఉన్నదానికి ఇంకో కాపీ ఉందని మీరు రాయలేదు. లేకపోతే ఈ ఉత్తరం మూసి ముందు ఆ పని చూడండి.

ఇక ఇంటి సంగతి. మీ భార్య అడిగింది చాలా న్యాయమైన ప్రశ్న. "రెండేళ్ల తర్వాత ఏంటి?" అన్నదానికి "పెద్ద పేరు వస్తుంది" అని చెబితే అది జవాబు కాదు. డబ్బు ఎలా వస్తుందో చెప్పాలి. నిజం ఏమిటంటే కేవలం అడవి సినిమాలతోనే ఇల్లు గడిచేవాళ్లు తక్కువ. చాలామంది సంస్థల కోసం చిన్న వీడియోలు తీస్తారు, ఫోటోగ్రఫీ నేర్పుతారు, తమ ఫుటేజ్‌ను లైసెన్స్‌కి ఇస్తారు. లైసెన్స్ అంటే వాడుకునే హక్కు కొంతకాలానికి ఇవ్వడం. మొత్తంగా రాసిచ్చేస్తే ఆ షాట్ ఇక ఎప్పటికీ మీది కాదు. అందుకే ఒప్పందంలో ఎంతకాలానికి, ఏయే మాధ్యమాలకు, వాళ్లొక్కరికేనా లేక ఇంకొకరికీ ఇవ్వవచ్చా అన్న మూడు మాటలు చూడకుండా సంతకం పెట్టవద్దు. ఆమెతో కూర్చుని, నెలకు కనీసం ఎంత ఉంటే ఇల్లు నడుస్తుంది, ఎన్ని నెలలకు సరిపడా దాచిన డబ్బు ఉంది, ఏ తేదీకి ఏం జరగకపోతే తిరిగి ఉద్యోగం వెతుక్కుంటాను అన్నవి రాయండి. ఆ తేదీ మీకు మీరుగా పెట్టుకోవాలి, ఆమె చేత పెట్టించుకోకూడదు. తిరిగి ఉద్యోగంలో చేరాల్సివస్తే అదేమీ ఓటమి కాదు. జీతం మీద బతుకుతూ మంచి డాక్యుమెంటరీ పని చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

తండ్రిగారితో వాదించకండి. ఆయన చూసింది మీ రీల్స్ మాత్రమే, వాటిని చూసి ఇదొక ఉద్యోగమని ఆయన ఎలా నమ్ముతారు? ఒక చిన్న సినిమా పూర్తయ్యాక, ఎవరికీ చూపించకముందే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. ఆయనకు ఎక్కడ విసుగొచ్చిందో అడిగి రాసుకోండి. మీకు రాబోయే ప్రేక్షకుల్లో ఎక్కువమంది ఆయనలాంటివాళ్లే, పక్షుల గురించి ఏమీ తెలియనివాళ్లు.

ఆ దర్శకుడిని వచ్చే వారం కలవబోతున్నానని రాశారు. ఆయన ఒప్పందం కాగితం ఇస్తే సంతకం పెట్టే ముందు, ఇలాంటి ఒప్పందాలు చూసిన లాయరుకు ఒకసారి చూపించండి. గూడు గురించి ఆయన ఏమన్నారో నాకు కూడా రాయండి.